మొదటాయన పళ్ళ సెట్టు

గట్టిపడాలి. గట్టిపడేదాకా వేలు పెట్టకూడదు, పెడితే పని మళ్ళీ మొదటికొస్తుంది, ఎంతసేపు ఆగాలి నాన్నా అని అడిగితే అదే చెబుతుందిలే అనేవాడు నాన్న, కాబట్టి ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా బల్ల మీద ప్లాస్టర్ అచ్చు, అచ్చు మీద మేనకోడలి మామగారి పై పళ్ళ సెట్టు. పెద్దమనిషి పొద్దున వచ్చీరాగానే బిస్కెట్ కొరికి సెట్టు నిలువునా చీల్చుకున్నాడు, ఆ చీలిక పొడుగునా ఇప్పుడే పోసిన గులాబీరంగు ముద్ద ఇంకా తడిగా మెరుస్తోంది. గోడకి అవతల భోజనాలు మొదలయ్యాయి. గరిటెలు, కుర్చీలు, మధ్యలో తమ్ముడి నవ్వు. పళ్ళ డాక్టరు కదా, వాడికో నవ్వుంది, మత్తు సూది పొడిచే ముందు నవ్వేది, ఆ నవ్వు వినపడిందంటే ఎవరిదో ఏదో పీకబోతున్నాడన్నమాట. ఇవాళ పీకబోయేది ఎవరినో ఆమెకు తెలుసు. తననే, ఈ వెనక గదిలోంచి, ఈ బల్ల దగ్గరనుంచి, వేళ్ళతో సహా.

నిన్న సాయంత్రం మేనకోడలే వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి చెప్పింది, అత్తా, నాన్న నిన్ను మాకిచ్చేస్తున్నారు అని. ఎంత సంబరంగా చెప్పిందో పిచ్చిపిల్ల, పొట్ట అడ్డమొస్తున్నా వంగి మరీ బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. పురుడు దగ్గరపడింది, పిల్ల పుడితే చూసుకోవడానికి మనిషి కావాలి, వాళ్ళమ్మకేమో డాక్టరు గారి అపాయింట్‌మెంట్లు చూసుకోవడానికే తీరదు. మరదలు ఇంట్లో కూడా మొగుణ్ణి డాక్టరు గారనే అంటుంది, డాక్టరు గారు నిద్రలేచారు, డాక్టరు గారికి జలుబు చేసింది. ఇక తమ్ముడు కొత్త భవనంలోకి మారుతున్నాడు, అక్కడ నోట్లో కెమెరా పెడితే చాలట, పళ్ళు ఎక్కడో మిషన్ మీద తయారై డబ్బాలో వస్తాయట, అందుచేత ఈ గదితో పని లేదు, గదితో పని లేకపోతే గదిలో మనిషితో మాత్రం ఏం పని, అక్క కూడా ఇన్నాళ్ళూ కష్టపడింది, కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో విశ్రాంతి! ఈ మాట అన్నవాడు ఒక్క రాత్రి కూడా బిడ్డని ఎత్తుకున్న పాపాన పోలేదు. అందరూ కలిసి అన్నీ ఆలోచించారు, పాపం, ఎంత బాగా ఆలోచించారో. నీకెలా ఉందక్కా అన్న ఒక్క ముక్క మాత్రం ఎవరికీ తట్టలేదు.

డాక్టరమ్మకి తట్టింది. రెండు వీధుల అవతల కొత్తగా బోర్డు పెట్టిన పళ్ళ డాక్టరమ్మ, చిన్నపిల్ల, ఆమె దగ్గరికి వెళ్ళిన ఓ ముసలాయన నోట్లో సెట్టు చూసి, ఇది చేసిన చేతులు ఎవరివి అని ఆరా తీసి, తమ్ముడు మా ల్యాబులోనే అని తేల్చేసినా ఊరుకోకుండా, ఓ మధ్యాహ్నం వెనక సందులోంచి వచ్చి ఇదే గుమ్మంలో నిలబడింది. నా దగ్గర పనిచేస్తారా అంది. మేడ మీద గది ఉంది, ఉండొచ్చు అంది. ఇవాళ సాయంత్రం క్లినిక్ మూసేలోగా ఏదో ఒక మాట చెప్పాలి, లేకపోతే ఆవిడ వేరే మనిషిని చూసుకుంటుంది, అంతే. ఆమె ఏం చెప్పాలో నిర్ణయించుకోలేదు గానీ బల్ల కింద సంచి మాత్రం సర్దుకుంది. సంచిలో నాలుగు చీరలు, నాన్న మైనం కత్తి, మొదటాయన.

మొదటాయన అంటే అమెరికా మొదటి ప్రెసిడెంటు, ఆయన జీవితచరిత్ర. ఈ ఇంట్లో ఆ సంగతి అందరికీ వేళాకోళమే, అక్కగారి ప్రెసిడెంట్లు అంటారు, ఇవాళ ఏ ప్రెసిడెంటుతో కాలక్షేపం వదినా అంటుంది మరదలు. ఎవరో పేషెంటు ఇల్లు మారుతూ లావుపాటి జీవితచరిత్రల కట్ట ఒకటి తెచ్చి, వచ్చినవాళ్ళు చదువుకుంటారని ముందు గదిలో పెట్టి పోయాడు. పన్ను సలుపుతున్నవాడు అమెరికా చరిత్ర చదువుతాడా? దుమ్ము పట్టాయి. దుమ్ము దులపడానికి వెళ్ళిన ఆమె పై పుస్తకం అట్ట మీద బొమ్మ చూసి గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తెల్ల జుట్టు, నల్ల కోటు, మహా గంభీరమైన ముఖం, జనం ఆ గాంభీర్యాన్నే చూస్తారు కాబోలు. ఆమె చూసింది మూతిని. బిగబట్టిన మూతి, లోపల్నుంచి ఉబ్బిన పై పెదవి. అయ్యో నాయనా, నీ సెట్టు సరిగ్గా కుదరలేదే అనుకుంది. అనుకుని, వెనక్కి తిప్పి, పళ్ళు అన్న మాట కోసం పేజీలన్నీ గాలించింది.

నిజమే. ప్రమాణ స్వీకారం చేసిన రోజుకి ఆయన నోట్లో మిగిలింది ఒకే ఒక్క సొంత పన్ను. మిగతావన్నీ కట్టుడు, నీటిగుర్రం దంతంతో చెక్కిన సెట్టు, ఆ ఒంటి పన్ను దూరడానికి అందులో ఓ చిల్లు, పైదీ కిందదీ కలిపి స్ప్రింగులు. స్ప్రింగులు రెండింటినీ విడదీసి తంతుంటే ఆయన దవడలు బిగించి మూసి ఉంచాలి, కాస్త వదిలితే చాలు నోరు దానంతటది తెరుచుకుంటుంది. దేశమంతా ఎదురుగా నిలబడితే ఆ పెద్దాయన దవడ నొప్పితో, ఎక్కువ మాట్లాడకుండా, నవ్వకుండా, అబ్బ, ఎంత జాలేసిందో ఆమెకు, నా దగ్గరికి వస్తే మైనంతో కొలిచి రెండు వారాల్లో చక్కటిది చేసిచ్చేదాన్ని కదయ్యా అనుకుంది. రెండో ఆయనకీ పళ్ళు ఊడిపోయాయి, ఆయన మాత్రం కట్టుడు పళ్ళు పెట్టుకోనని భీష్మించుకున్నాడట. ఓడిపోయాక, గెలిచినవాడి ప్రమాణ స్వీకారం చూడలేక తెల్లవారకముందే బండెక్కి ఊరొదిలి పోయాడట కూడా. ఆ పేజీ చదువుతూ ఆమె పకపకా నవ్వింది, అలక అంటే అదీ. ప్రెసిడెంటుకి ఏదో పొడుగాటి బిరుదుండాలని పట్టుబట్టి నలుగురిలో నవ్వులపాలైంది కూడా ఆయనే. తమ్ముడికి చదివి వినిపించాలనుకుంది, మళ్ళీ ఎందుకులే అని ఊరుకుంది. వాళ్ళంతా ఆమెకు బంధువుల్లా అయిపోయారు, పళ్ళ వైపు బంధువులు.

ఇంకా తడిగానే ఉంది. వేలు పెట్టకూడదు.

ఆ పళ్ళ పేజీల్లోనే ఇంకో వాక్యం ఉంది, చిన్నది. మొదటాయన తన బానిసల దగ్గర డబ్బిచ్చి పళ్ళు తీసుకున్నాడని లెక్కల్లో రాసి ఉందట. ఆ పళ్ళు ఆయన నోట్లోకే వెళ్ళాయో లేదో చెప్పలేమని పుస్తకం రాసినాయన జాగ్రత్తగా ఓ మాట అనేసి, గబగబా యుద్ధాల్లోకి వెళ్ళిపోయాడు. ఆమె వెళ్ళలేకపోయింది. పన్ను పీకడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు, క్లినిక్ వైపు గోడకి అవతలనుంచి ఏళ్ళ తరబడి విన్నది, మత్తిచ్చినా వినపడుతుంది ఆ మూలుగు, మత్తంటూ లేని రోజుల్లో ఎలా ఉండేదో. ఎవరి నోట్లోవి అవి? పేర్లు లేవు. నాన్న చేసే పాఠం గుర్తొచ్చింది, ప్రతి పన్నుకీ ఓ మనిషుంటాడమ్మా, మనిషిని మరచి పన్ను చేస్తే అది రాయి అనేవాడు. ఆ మనుషుల కోసం వెతుక్కుంటూ పేజీలు తిప్పుతుంటే ఆ పిల్ల కనబడింది.

ప్రెసిడెంటు భార్యకి సేవలు చేసే బానిస పిల్ల. కుట్టుపని బాగా చేసేది, జుట్టు దువ్వేది, బట్టలు తొడిగేది, ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. అమ్మగారి మనవరాలికి కొత్తగా పెళ్ళయింది, ఆ మనవరాలికి ఈ పిల్లని ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నారు. ఇచ్చేద్దామని. నిన్న మేనకోడలు మెడ చుట్టూ చేతులు వేసి ఆ మాట అన్నప్పుడు ఆమె అనుకుంది, ఈ మాట ఎక్కడ చదివానా అని. ఆ పిల్ల ఏం చేసిందంటే, వాళ్ళందరూ భోజనానికి కూర్చున్న వేళ బయటికి నడిచింది. అంతే, దేశాన్నేలే ఇంట్లోంచి, పళ్ళేల చప్పుడు వినపడుతుండగా నడిచి వెళ్ళి ఓడ ఎక్కేసింది. పేపర్లో ప్రకటన వేశారు, మనుషుల్ని పంపారు, రా, ఏమీ అనం అన్నారు. రాలేదు. పెళ్ళి చేసుకుంది, బిడ్డల్ని కంది, బిడ్డల్ని పోగొట్టుకుంది, పేదరికంలో ముసలిదైంది, వచ్చి అడిగినవాళ్ళకి నాకేమీ విచారం లేదని చెప్పింది. తమాషా ఏమిటంటే ఆ పిల్ల వెళ్ళిపోయిన ఏడాదే మొదటాయన ఒంటి పన్నూ ఊడిపోయింది, ఇక ప్రెసిడెంటుగా ఉండనని ఆయన సెలవు తీసుకున్నదీ ఆ ఏడాదే. సెలవు గురించి పుస్తకంలో బోలెడంత ఉంది. పన్నుని పళ్ళ వైద్యుడు అపురూపంగా దాచుకున్నాడని కూడా ఉంది. ఆ పిల్లకి ఇచ్చింది మాత్రం ఓ రెండు పేజీలు, ఆ రెండు పేజీలూ ఇప్పుడు ఆమె వేళ్ళ మైనంతో జిడ్డుగా అయిపోయాయి.

ఛీ, ఏం పోలిక ఇది అనుకుంది వెంటనే, సిగ్గేసింది కూడా. నన్నెవరు కొన్నారు? నన్నెవరు కొట్టారు? తమ్ముడు జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుంటాడు, పండక్కి చీర ముందు నాకే కొంటాడు, ఆ పిల్ల పడ్డదాంట్లో నలుసంతైనా నేను పడలేదు, పడ్డానంటే కళ్ళు పోతాయి. కానీ అప్పుడే లోపల్నుంచి ఇంకో గొంతు, నాన్న గొంతులాంటిది, నువ్వు పడలేదు సరే, మరి ఇచ్చేస్తున్నారన్నప్పుడు నీకెందుకు మండింది అంది. మండింది మరి. మండదా? కుర్చీని ఇస్తారు, పాత ఫ్రిజ్‌ని ఇస్తారు.

ఈ ఇంట్లో ఆమెకు నోట్లో నాలుక లేని మనిషి అని పేరు, ఒక్కసారి నాలుక తెచ్చుకున్నందుకే పెద్ద గొడవైంది. మేనకోడలి పెళ్ళిలో. అందరూ బారులు తీరి పలకరించుకుంటున్నారు, ఆమె ముఖాలు గుర్తుపట్టలేదు, ఈ గదిలోకి ముఖాలెక్కడొస్తాయి, నోళ్ళ అచ్చులొస్తాయి గానీ. ఓ పెద్దమనిషి పట్టుపంచెలో వచ్చి నవ్వాడు, నవ్వగానే ఎడమవైపు కోరపన్ను ఇసుమంత వంకర కనబడింది, తను పెట్టిన వంకరే. నిజమైన పళ్ళు సైన్యంలా నిలబడవు, ఒక పన్నుని కాస్త తిప్పిపెట్టు, అప్పుడే మనిషి నోరు అవుతుంది అన్నది నాన్న పద్ధతి. ఆ నోరు, కన్నబిడ్డ ఎదురొచ్చినంత సంతోషం, అమాంతం అనేసింది, సెట్టు ఒరుసుకోవడం తగ్గిందాండీ అని. ఆయన పెళ్ళికొడుకు తండ్రి. ఆయనవి కట్టుడు పళ్ళని ఆయన సొంత అన్నదమ్ములకే తెలియదట. బారుకి బారంతా తిరిగి ఆయన నోటి వైపే చూసింది, ఆయన నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు, తమ్ముడు డాక్టరు నవ్వు నవ్వాడు. ఆ రోజునుంచి వాళ్ళు ఎప్పుడొచ్చినా అక్కకి పనుంది, లోపలుంది. ఇవాళ కూడా అంతే, పనుంది, లోపలుంది, ఆయన సెట్టే ఆ పని. గోడకి అవతల ఆ పెద్దమనిషి అందరూ తింటుంటే ఆకలి లేదండీ అని చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంటాడు, పాపం.

అసలు ఒక్క నోట్లో కూడా ఆమె తన చేతులతో సెట్టు పెట్టలేదు. చేసేది ఇక్కడ, పెట్టేది అక్కడ. సెట్టుని పళ్ళెంలో గుడ్డ మీద పెట్టి క్లినిక్ వైపు కిటికీలోంచి అందిస్తే తమ్ముడి చేయి వచ్చి తీసుకెళ్తుంది, కాసేపటికి అటువైపు అద్దం అడిగి తీసుకున్నవాళ్ళు అబ్బ డాక్టరుగారూ అంటారు, డాక్టరుగారు పర్లేదు పర్లేదు అంటాడు. నాన్న ఉన్న రోజుల్లో ఇలా లేదు. ఎవరు చేశారో వాళ్ళే పెట్టాలి, నోట్లో పెట్టి కొరికించి చూడనిదే పని అయినట్టు కాదనేవాడు, కానీ అప్పటికి ఆమె ఇంకా నేర్చుకుంటోంది, తమ్ముడు చదువుకుంటున్నాడు, వాడు డాక్టరై వచ్చాక అక్క మైనం పూసిన చేతులతో పేషెంట్ల ముందుకి వస్తే ఏం బాగుంటుంది. అప్పుడు ఆమే సరే అంది. మూడో ప్రెసిడెంటు కూర్చుని మనుషులంతా సమానమని ఎంత అందంగా రాశాడో, ఆయన సొంత పొలంలో బానిసలు పనిచేస్తూనే ఉన్నారు, ఆ అందమైన మాటకి ఎవరూ వెళ్ళి వాళ్ళ చేతులు ఆపలేదు. చదివినప్పుడు పుస్తకం ఠపీమని మూసేసింది. మళ్ళీ తెరిచింది. తిట్టుకుంటూనే చదువుతుంది, వాళ్ళని వదలదు, మీరు పెద్దవాళ్ళే ఒప్పుకుంటాను, కానీ వంటింట్లో ఎవరున్నారో చెప్పండి ముందు అని ప్రతి పేజీనీ నిలదీస్తుంది.

మరి ఆ పిల్ల? పుస్తకంలో పిల్ల కాదు, తన పిల్ల. జడలు వేసి బడికి పంపిన పిల్ల, మొదటి పాలపన్ను ఊడితే ఏడుస్తూ ఈ గదిలోకే పరిగెత్తుకొచ్చిన పిల్ల, ఆ పన్నుకి మైనంతో తోడు చేసిపెడితే నవ్విన పిల్ల. నువ్వొస్తే నాకు భయముండదత్తా అంది నిన్న. ఆ మాటకి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. రాత్రి ఆ మాటతోనే గడిచింది. వెళ్ళి ఆ బిడ్డని ఎత్తుకోవాలని ఆమె చేతులకే ఉంది. కానీ బిడ్డ పెరుగుతాడు, ఇంకో బిడ్డ వస్తాడు, వాళ్ళింట్లో ఓ గది మూల, పిలిస్తే పలకడం, పిలవకపోతే గోడ చూడటం, ఈ వేళ్ళు దేన్నీ చెక్కవు, ఏ నోరూ ఎదురొచ్చి నవ్వదు. ప్రేమ ఉంది కాబట్టే నోరు పెగలదు. ఇంతకాలమూ పెగలనిది అందుకే కదా, కొట్టేవాళ్ళయితే ఎప్పుడో వెళ్ళిపోయేది.

గోరుతో అంచుని తాకింది. టక్కుమంది. గట్టిపడింది.

అచ్చు మీదనుంచి సెట్టు విడదీసి, ఎక్కువైన అంచులు గీకి, మోటారు మీద పాలిష్ పట్టింది, గులాబీరంగు నిగనిగలాడింది, చీలిక ఎక్కడుండేదో తనకే కనబడలేదు. కడిగింది. అనుకున్నదేమిటంటే, సెట్టుని పళ్ళెంలో గుడ్డ మీద పెట్టి కిటికీలో ఉంచి, సంచి తీసుకుని, వాళ్ళు తింటుండగానే వెనక గుమ్మంలోంచి సందులోకి. పుస్తకంలో పిల్లలాగే. నిన్న రాత్రి ఆ ఊహ ఎంతో గొప్పగా అనిపించింది. సంచి భుజానికి తగిలించుకుంది, వెనక తలుపు గడియ తీసింది, సందులో ఎండ కనబడింది. అక్కడ ఆగింది. ఆ పిల్ల ఎందుకలా వెళ్ళింది? చెబితే పట్టుకుంటారు కాబట్టి. దానికి వేరే దారి లేదు, ముందు గదిలోంచి వెళ్ళే హక్కు దానికి ఎవరూ ఇవ్వలేదు. నన్నెవరు పట్టుకుంటారు? నాకు ముందు తలుపుంది, నోరుంది, ఉండి కూడా నేను సందులోంచి పోతే అది ఆ పిల్లలా పోవడం కాదు, రెండో ఆయనలా అలిగి పోవడం. గడియ మళ్ళీ వేసింది. పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని భోజనాల గదిలోకి నడిచింది.

తమ్ముడు లేచి పళ్ళెం కోసం చేయి చాచాడు. ఆమె ఆ చేతిని దాటుకుని వెళ్ళి మేనకోడలి మామగారి కుర్చీ పక్కన నిలబడి, నోరు తెరవండి అంది. ఆయన ఓసారి డాక్టరు వైపు చూశాడు, ఓసారి ఆమె చేతుల వైపు చూశాడు, రుమాలు తీసేసి తెరిచాడు. సెట్టు అంగిట్లోకి నొక్కి, బొటనవేలితో ఒక్క క్షణం పట్టి, కొరకండి అంది. కొరికాడు. ఎక్కడైనా గుచ్చుతోందా? లేదన్నట్టు తల ఊపాడు. ఆయన నాలుకతో పళ్ళన్నీ తడుముకుంటుంటే, ఎడమ కోరపన్ను అదే ఇసుమంత వంకరతో మెరిసింది. ఆనాటి పెళ్ళిలో మీ గుట్టు బయటపెట్టాను, తప్పు నాదే, కానీ అది గుట్టని నాకు తెలియదు, నాకది నా పని, చూసి సంతోషమేసింది అని ఆయనకు చెప్పింది. తర్వాత అందరికీ వినపడేలా, తాను పిల్లని చూసుకోవడానికి రావట్లేదనీ, ఇవాళనుంచి డాక్టరమ్మ దగ్గర పనిచేస్తాననీ, అక్కడే ఉంటాననీ చెప్పింది.

తమ్ముడి ముఖం ఎర్రబడింది. "ఏంటక్కా ఇది? వాళ్ళందరి ముందూనా?"

"వాళ్ళ ముందే చెప్పాలి తమ్ముడూ. నువ్వు నన్నిస్తోంది వాళ్ళకే కదా."

ఇవ్వడమేంటి, అలా ఎవరన్నారని వాడు గొణిగాడు, గొణుగుతూ కూతురి వైపు చూశాడు, కూతురు తల దించుకుంది. మరదలు డాక్టరు గారి వైపు చూసింది. అప్పుడు మేనకోడలు కళ్ళనిండా నీళ్ళతో తలెత్తి, "మరి నేనో అత్తా?" అంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న అదే, జవాబు ఎక్కడా రాసి లేనిది. ఆమె వెళ్ళి పిల్ల తల మీద చేయి వేసింది. "నువ్వు పిలువు, పురిటికి వస్తాను, పక్కనే కూర్చుంటాను. తర్వాత మా ఇంటికి వెళ్ళిపోతాను. బిడ్డనెత్తుకుని నువ్వూ రా, నా గది చూద్దువుగాని."

మా ఇల్లు అని నోట్లోంచి రాగానే ఆమెకే కొత్తగా వినపడింది. ఇక వెళ్ళొచ్చు, సంచి భుజం మీదే ఉంది, ముందు తలుపు తెరిచే ఉంది, డాక్టరమ్మ క్లినిక్ మూయడానికి ఇంకా బోలెడు పొద్దుంది. కానీ పొద్దుటినుంచి ఏమీ తినలేదు. ఈ ఇంట్లో ఆమె ఎప్పుడూ అందరూ లేచాక, గిన్నెల అడుగున మిగిలింది తినేది, ఎవరో పెట్టిన నియమం కాదు, అలా అలవాటైపోయింది. సంచి నేల మీద పెట్టి, చేతులు కడుక్కుని, గోడవారనున్న కుర్చీని బల్ల దగ్గరికి లాగి మామగారికీ మేనకోడలికీ మధ్యన వేసుకుంది. ఓ కంచం తీసుకుని తనే వడ్డించుకుంది. తమ్ముడు ఇంకా నిలబడే ఉన్నాడు. పక్కన పెద్దమనిషి కూర గిన్నె ఆమె వైపు జరిపి, తనూ వడ్డించుకున్నాడు. ఆ పిల్ల వాళ్ళు తింటుండగా వెళ్ళాల్సొచ్చింది. ఈమె తినే వెళుతుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, తొందరేమీ లేనట్టు, తన సొంత పళ్ళతో నమిలింది.